పాత నారోబోటు రినోవేషన్: నీళ్ళ దారి పట్టుకుని వెనక నుంచి ముందుకి

నారోబోటు అంటే ఇంగ్లండ్‌లో ఇరుకు కాలవల మీద తిరిగే సన్నటి పొడుగాటి బోటు. మా బోటు వివరాలు ముందు చెప్పేస్తాను, లేకపోతే తర్వాత చెప్పేది ఏదీ అర్థం కాదు. పొడవు 50 అడుగులు, వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, 1980ల మధ్యలో కట్టిన స్టీల్ బోటు. అడుగు ప్లేటు 6 మిల్లీమీటర్లు, పక్కలు 5, పైన క్యాబిన్ 3. ఇప్పుడు కొత్తగా కట్టేవాటికి మామూలుగా 10, 6, 4 వేస్తున్నారు, ఆ లెక్కన మాది బక్క ప్రాణమే. ఇంజిన్ బీఎంసీ 1.8 డీజిల్. ఉండేది ఇంగ్లండ్ మధ్యలో, వార్విక్‌షైర్ వైపు, నార్త్ ఆక్స్‌ఫర్డ్ కెనాల్ మీద. నేను ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేస్తాను, మా ఆవిడది ఆఫీసు ఉద్యోగం, మరీనాలో (బోట్లు ఆపుకునే రేవు) బోటు కట్టుకుని ఇద్దరం అందులోనే ఉంటూ శని ఆదివారాలు, సెలవులు, జీతం మిగిలిన నెలలు చూసుకుని కొంచెం కొంచెంగా బాగుచేసుకుంటూ వస్తున్నాం.

వెడల్పు అంత తక్కువ ఎందుకు అని ఇండియా నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ అడుగుతారు. మన గోదావరి డెల్టా కాలవల మీద లాకులు చూసినవాళ్ళకి లాకు ఎలా పనిచేస్తుందో చెప్పక్కర్లేదు, కాకపోతే ఇక్కడ మిడ్‌లాండ్స్‌లో 18వ శతాబ్దంలో, కాలవల ఇంజినీరు బ్రిండ్లీ కాలంలో తవ్విన కాలవల మీద లాకులు దాదాపు 7 అడుగుల వెడల్పే. అంటే లాకులోకి దూరినప్పుడు రెండు వైపులా కలిపి రెండంగుళాల సందు మిగులుతుంది. లోపల ఇన్సులేషన్, చెక్క పోగా మనిషికి దొరికేది సుమారు 6 అడుగులు. ఈ 6 అడుగుల గొట్టంలో వంటిల్లు, పడక, బాత్రూమ్, పొయ్యి అన్నీ ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెలాగా వస్తాయి, కాబట్టి ఏ పని మొదలుపెట్టినా పక్క గది కూడా ఆగిపోతుంది.

ఇక్కడ నేను చెప్పదలుచుకున్నది ప్రధానంగా పనుల వరస గురించి. పాత బోటు కొన్నవాళ్ళు ఎక్కువమంది వంటింటి కప్‌బోర్డులతోనో బయట పెయింటుతోనో మొదలుపెడతారు, కంటికి కనిపించేది అదే కాబట్టి. మేం మాత్రం నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి అన్నది తేలేదాకా ఒక్క పలక కూడా కొత్తది కొట్టకూడదు అనుకున్నాం, ఆ ఒక్క నియమమే మిగతా పనులన్నిటి క్రమాన్నీ డిసైడ్ చేసింది.

కొనేముందు డ్రైడాక్‌లో (నీళ్ళు తోడేసి బోటు అడుగు చూసే చోటు) పెట్టించి సర్వే చేయించాం. సర్వేయరు సుత్తితో కొట్టుకుంటూ, అల్ట్రాసౌండ్ మీటరుతో అడుగడుక్కీ మందం చూసుకుంటూ వెళ్ళాడు. అడుగు ప్లేటు చాలా చోట్ల 5 పైనే ఉంది, సంతోషం. నీటి గీత దగ్గర మాత్రం వెనక ఎడమ పక్క గుంటలు పడి ఉన్నాయి, కొన్నిచోట్ల గుంట లోతు తీసేస్తే మిగిలేది 4 కంటే తక్కువ. ఇన్సూరెన్స్ వాళ్ళు మామూలుగా అడిగేది 4, అంతకన్నా తగ్గితే ఫుల్ కవర్ రావడం కష్టం, ఇన్సూరెన్స్ లేకపోతే కాలవ మీద బోటు ఉంచుకునే లైసెన్స్ రాదు. లైసెన్స్ ఇచ్చేది కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్, 2012లో బ్రిటిష్ వాటర్‌వేస్ నుంచి ఇంగ్లండ్, వేల్స్ కాలవలు వీళ్ళ చేతికొచ్చాయి. ఇన్సూరెన్స్‌తో పాటు నాలుగేళ్ళకోసారి బోట్ సేఫ్టీ సర్టిఫికెట్ కూడా చూపించాలి.

గుంటలకి రెండు దారులు ఉంటాయి. పాత ప్లేటు మీద కొత్త ప్లేటు వేసి అతికేయడం ఒకటి, గుంట గుంటకీ వెల్డింగ్‌తో పూడ్చడం రెండోది. ప్లేటు వేస్తే బరువు పెరుగుతుంది, బోటు కిందకి దిగుతుంది, పక్కల్లో ఉన్న సింకు అవుట్‌లెట్లు, డ్రెయిన్ రంధ్రాలు నీటికి ఇంకా దగ్గరవుతాయి, దాంతో కొత్త తలనొప్పి. మాకు గుంటలు ఒక్కచోటే గుంపుగా ఉన్నాయి కాబట్టి వెల్డింగ్‌తో పూడ్చేశాం. వెల్డింగ్ మేం చెయ్యలేదు, సర్టిఫైడ్ మనిషిని పెట్టుకున్నాం. కానీ దానికి ముందు లోపల ఆ భాగంలో చెక్క, దాని వెనక ఇన్సులేషన్ మొత్తం పీకెయ్యడం మా పని. ఆ కాలం బోట్లలో లోపల థర్మోకోల్ షీట్లు పెట్టేవారు, బయట టార్చి పెడితే లోపల అంటుకుంటుంది. వెల్డింగ్ నడుస్తున్నంతసేపూ నేను లోపల ఫైర్ ఎక్స్‌టింగ్విషరూ నీళ్ళ బకెట్టూ పెట్టుకుని స్టీల్ మీద చెయ్యి వేసి చూస్తూ కూర్చున్నా. ముందే అందంగా ఇంటీరియర్ చేసుకుని తర్వాత హల్ (బోటు బయటి స్టీల్ ఒళ్ళు) సంగతి చూద్దాం అనుకుంటే ఈ దశలో అదంతా మళ్ళీ పీకాల్సిందే.

డ్రైడాక్‌లో ఉండగానే బ్లాకింగ్ కూడా అయిపోయింది, అంటే కింద తారు లాంటి బిట్యుమెన్ పెయింటు. రెండు భాగాలు కలిపి వేసే ఎపాక్సీ పెయింటు వేస్తే చాలా ఏళ్ళు నిలుస్తుంది కానీ దానికి ముందు గ్రిట్ బ్లాస్టింగ్ (గట్టి రవ్వని వేగంగా కొట్టడం) చేసి స్టీల్‌ని బేర్ మెటల్ దాకా తేవాలి, పాత బిట్యుమెన్ మీద అది పట్టదు. ఆ ఖర్చు మా బడ్జెట్‌లో లేదు, పైగా రెండు మూడేళ్ళకోసారి బోటు పైకి తీసి అడుగు చూసుకునే అలవాటు పల్చటి హల్‌కి మంచిదే అని నా ఉద్దేశం. స్టీల్‌కి బదులు తామే కరిగిపోయే లోహపు దిమ్మలు, అంటే మెగ్నీషియం యానోడ్లు, కొత్తవి పెట్టించాం (మంచినీళ్ళకి మెగ్నీషియం, సముద్రానికైతే జింకు). మరీనాలో ఒడ్డు నుంచి కరెంటు కేబుల్ పెట్టుకునేవాళ్ళు గాల్వానిక్ ఐసొలేటర్ తప్పనిసరిగా పెట్టుకోండి, ఎందుకంటే ఎర్త్ వైరు ద్వారా మీ హల్ పక్కవాళ్ళ హల్స్‌కి కలిసిపోతుంది, ఆ కాస్త డీసీ కరెంటే ముందు మీ యానోడ్‌ని, ఆ తర్వాత మీ స్టీల్‌నీ తినేస్తుంది. ఐసొలేటర్ ఆ చిన్న వోల్టేజీని ఆపుతుంది, నిజంగా ఫాల్ట్ వస్తే మాత్రం కరెంటుని వదులుతుంది. డ్రైడాక్ బుకింగ్ గురించి ఇంకో మాట, నవంబరు నుంచి మార్చి దాకా లాకుల రిపేర్లని అక్కడక్కడా కాలవ మూసేస్తారు, ఆ లిస్టు చూడకుండా తేదీ పెట్టుకుంటే డాక్ దాకా చేరలేరు.

ఇప్పుడు అసలు సంగతి, లోపలి నీళ్ళు. నారోబోటు క్యాబిన్‌లో వెనక మెట్ల దగ్గర నేలలో చిన్న మూత ఉంటుంది, లేకపోతే కోసి పెట్టుకోవాలి. బోటు మామూలుగా వెనక్కి కొంచెం దిగి ఉంటుంది, ఇంజిన్ బరువు అటే కదా, పైగా ముందు వైపు ఉండే మంచినీళ్ళ ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ముందు భాగం ఇంకా పైకి లేస్తుంది. కాబట్టి క్యాబిన్‌లో ఎక్కడ ఏ చుక్క కారినా నేల కింద బరువు కోసం పెట్టిన బాలస్ట్ ఇటుకల మధ్య నుంచి జారుకుంటూ చివరికి ఆ మూత కిందకే చేరుతుంది. మేం కొన్నప్పుడు మూత తీస్తే రెండు వేళ్ళ లోతు నీళ్ళు, పైన తుప్పు రంగు తెట్టు. పాత ఓనరు స్టెర్న్ గ్లాండ్ (ప్రొపెల్లర్ షాఫ్టు బయటికి వెళ్ళే చోట నీళ్ళు ఆపే సీలు) కారుతోందేమో అన్నాడు, కానీ గ్లాండ్ నీళ్ళు పడేది ఇంజిన్ గదిలో, దానికీ క్యాబిన్‌కీ మధ్య స్టీల్ గోడ ఉంది, ఆ గోడ బాగుంటే అక్కడి నీళ్ళు ఇటు రావు. గోడ కింద వెల్డు చుట్టూ తుడిచి, టాల్కమ్ పౌడర్ చల్లి వదిలేశా, తెల్లారి చూస్తే పౌడర్ పొడిగానే ఉంది, సో గ్లాండ్ కాదు.

మిగిలినవి మూడే దారులు. వాన, పైపులు, ఆవిరి. పైపుల సంగతి తేల్చడం తేలిక, కుళాయిలన్నీ కట్టేసి పడుకోవాలి, రాత్రి నిశ్శబ్దంలో నీళ్ళ పంపు దానంతట అదే ఒక్క క్షణం గుర్రుమని ఆగిందంటే ప్రెజర్ ఎక్కడో పోతోందని అర్థం. మాది గుర్రుమంది. వేడినీళ్ళ ట్యాంకు (కాలోరిఫైయర్) దగ్గర ఒక జాయింటు చెమర్చుతోంది, మార్చేశాం, పంపు నోరు మూసింది, మూత కింద నీళ్ళు తగ్గాయి కానీ ఆగలేదు. తర్వాత మూత కింద మొత్తం ఎండబెట్టి టిష్యూ పరిచి వాన కోసం ఎదురుచూశాం (ఇంగ్లండ్‌లో అంతసేపు ఎదురుచూడక్కర్లేదు). గట్టి వాన పడ్డ మర్నాటికి టిష్యూ తడిసింది. ఇంక కిటికీలే. అల్యూమినియం ఫ్రేములు, వాటి వెనక ఎప్పటిదో ఎండిపోయి పగుళ్ళిచ్చిన సీలెంట్, దాని మీద ఎవరో పూసిన సిలికాన్, దాని మీద ఇంకెవరో పూసిన ఇంకో సిలికాన్. వాన నీరు ఫ్రేము వెనకగా దిగి, చెక్క లైనింగ్ వెనక నుంచి కిందకి జారి, బయటికి ఎక్కడా కనిపించకుండా నేరుగా అడుగు ప్లేటు మీదకి పోతోంది. లైనింగ్ మీద మచ్చ కూడా లేదు, అందుకే ఇన్నేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు.

కిటికీలు ఒక్కొక్కటిగా ఊడదీశాం. పద్ధతి పెద్ద రహస్యమేం కాదు, ఫ్రేము తీసి, రంధ్రం చుట్టూ స్టీల్‌ని తుప్పు పోయేదాకా గీకి, ప్రైమరు పెయింటు వేసి, బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు పట్టీ) అంటించి, ఫ్రేము మళ్ళీ పెట్టి స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి, పక్కకి ఉబికిన టేపుని ఒకట్రెండు రోజులయ్యాక కోసెయ్యాలి. ఇక్కడ సిలికాన్ వాడకండి, తర్వాత దాని మీద పెయింటు పట్టదు, ఊడదియ్యాలన్నా చచ్చినా రాదు. ఇంట్లోనే ఉంటున్నాం కాబట్టి రోజుకొక కిటికీ కంటే ఎక్కువ తియ్యలేదు, సాయంత్రానికి రంధ్రం మూసుకోవాలి మరి, ప్లైవుడ్ ముక్క ఒకటి ఆ సైజుకి కోసి రెడీగా పెట్టుకున్నాం.

నీళ్ళు ఆగాక నేల. బాలస్ట్ అంటే బోటు నిలకడగా, సరైన లోతులో ఉండటానికి నేల కింద పెట్టే బరువు, మాకు ఇటుకలూ కాంక్రీటు పలకలూ కలిపి ఉన్నాయి. ఒక పక్కవి మాత్రమే తీస్తే బోటు ఒరుగుతుంది, టీ కప్పు టేబుల్ మీద నుంచి జారేంత. అందుకని అడ్డంగా ఉన్న స్టీల్ బీముల మధ్య ఒక్కో అర తీసుకుని, ఎడమవి కుడివి సమానంగా ఎత్తి, పలకల మీద చాక్‌పీసుతో నంబర్లు రాసి, బయట నీటి గీత దగ్గర నాలుగు మూలలా మాస్కింగ్ టేపు అంటించి దాన్ని చూసుకుంటూ చేశాం. కింద తుప్పు పొరలు పొరలుగా అప్పడాల్లాగా లేచింది, గీకి, వాక్యూమ్ కొట్టి, రస్ట్ కన్వర్టర్ పూసి, పైన రెండు కోట్లు పెయింటు. తిరిగి పెట్టేటప్పుడు పలకల్ని నేరుగా స్టీల్ మీద పెట్టకుండా కింద ప్లాస్టిక్ పట్టీలు వేసి గాలి ఆడే సందు వదిలాం. పైన 18 మి.మీ ప్లైవుడ్, అంతా స్క్రూలే, గమ్ము లేదు. నేల గానీ గోడలు గానీ మళ్ళీ విప్పి చూసుకునేలా ఉండాలన్నది మా రెండో నియమం, దీని మీద మా ఆవిడకీ నాకూ కాస్త చర్చ నడిచింది, స్క్రూ తలలు కనిపిస్తే బాగోదని తను, చివరికి ఇత్తడి స్క్రూలూ ఇత్తడి కప్పులూ వేస్తే అదే ఒక డిజైన్‌లాగా ఉందని తనే ఒప్పుకుంది.

వైర్ల దగ్గరికొస్తే ఇది నా సొంత ఫీల్డు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తా. వంటింటి వెనక పలక ఊడదీసినప్పుడు పాత వైరు థర్మోకోల్‌లోకి కరిగి దిగిపోయి కనిపించింది, వైరు షేపులో షీటు మీద కాలవలాగా గాడి పడింది. పీవీసీ వైరు మెత్తగా ఉండటానికి కలిపే ప్లాస్టిసైజరుని థర్మోకోల్ లాగేసుకుంటుంది, థర్మోకోల్ కరుగుతుంది, వైరు తొడుగు పెళుసెక్కుతుంది. నేను ఆ వైరుని వేలితో కొంచెం వంచా, తొడుగు పుల్ల విరిగినట్టు టక్కుమని విరిగి లోపల రాగి బయటపడింది. అలాంటివి బోటు పొడుగునా గోడల వెనక ఉన్నాయి. స్విచ్చులు, లైట్లు అన్నీ పనిచేస్తున్నాయి, అందుకే ఇది ప్రమాదం. థర్మోకోల్ ఉన్న పాత బోటు ఏదైనా సరే, వైరింగ్ బాగానే ఉంది అని ఎవరన్నా అంటే ఒక్క పలక విప్పి చూడకుండా నమ్మకండి.

కొత్త వైర్లు అన్నీ కండ్యూట్ గొట్టాల్లో లాగాం, థర్మోకోల్‌కి తగలకుండా. 12 వోల్టుల మీద సైజు లెక్క ఇంట్లో 230 అలవాటున్నవాళ్ళకి వింతగా ఉంటుంది. మా ఫ్రిజ్ బ్యాటరీల నుంచి 12 మీటర్ల దూరం, పోను రాను 24 మీటర్లు, తీసుకునేది 5 ఆంపియర్లు. పాతది 2.5 చదరపు మి.మీ వైరు, దాని రెసిస్టెన్స్ దాదాపు 0.17 ఓములు, అంటే 0.84 వోల్టులు దారిలోనే పోతాయి, 12లో 7 శాతం. రాత్రి బ్యాటరీ కొంచెం దిగేసరికి ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్ట్ అవ్వక మొరాయించేది, పాత ఓనరు బ్యాటరీలు రెండుసార్లు మార్చాడట పాపం. 10 చదరపు మి.మీ వేశాం, నష్టం 0.21 వోల్టులకి దిగింది, ఫ్రిజ్ మళ్ళీ నోరెత్తలేదు. ప్రతి లైనుకీ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, ఫ్యూజు కాపాడేది వైరునే కానీ పరికరాన్ని కాదు. లిథియం బ్యాటరీలు ఇంకా పెట్టలేదు, పాత ఆల్టర్నేటర్‌కి నేరుగా తగిలిస్తే అది వేడెక్కి కాలిపోతుంది, మధ్యలో డీసీ టు డీసీ చార్జర్ కావాలి, పైగా సున్నా డిగ్రీల కింద వాటిని చార్జ్ చెయ్యకూడదు. పైకప్పు మీద సోలార్ ప్యానెళ్ళు వేసవిలో దర్జాగా సరిపోతాయి, డిసెంబర్లో పగలే 8 గంటలు లేదు, పేరుకే ఉంటాయి.

ఇన్సులేషన్ మొత్తం ఒకేసారి స్ప్రే ఫోమ్ కొట్టించడం అన్నిటికన్నా మంచిది, సందేహం లేదు, కానీ దానికి బోటు లోపల ఖాళీ డొల్లలాగా ఉండాలి, మేం ఎక్కడ పడుకోవాలి? అందుకని ఒక్కో గదికి పీఐఆర్ బోర్డులు (గట్టి ఫోమ్ ఇన్సులేషన్ పలకలు) కోసి పెట్టి, చుట్టూ సందుల్లో డబ్బా ఫోమ్ కొట్టి, మీద అల్యూమినియం ఫాయిల్ టేపు అతికాం. ఇక్కడ టేపే ముఖ్యం, బోర్డు వెనక చిన్న సందు దొరికినా గదిలోని తేమ గాలి చల్లటి స్టీల్‌ని తాకి నీళ్ళై కారుతుంది, మళ్ళీ మొదటికొస్తాం. ఇద్దరు మనుషుల ఊపిరి ఒక ఎత్తు, మన వంట ఒక ఎత్తు. కుక్కర్ నాలుగు విజిల్స్ వేసేసరికి కిటికీలన్నీ ఏడుస్తాయి, తాలింపు ఘాటు చివరి గది దాకా పోతుంది. వంట పొయ్యి పైన కప్పులో ఉన్న పుట్టగొడుగు ఆకారపు గాలి వెంట్ పక్కనే చిన్న 12 వోల్టుల ఫ్యాన్ పెట్టి గాలిని బయటికి లాగించాక చాలా తేడా వచ్చింది. చలికి భయపడి వెంట్లలో గుడ్డలు కుక్కేవాళ్ళని చూశాను, బొగ్గు పొయ్యి ఉన్న ఇంట్లో అది ప్రాణం మీదకి తెచ్చుకోవడమే.

చలికాచుకునే బొగ్గు పొయ్యి మోర్సో స్క్విరెల్, పాతదే, తీసి తలుపు సీలు రోప్, ఇటుకలు, గాజు మార్చి, వెనక చెక్కకీ పొయ్యికీ మధ్య దూరాలు బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 8511 ప్రకారం చూసుకుని టైల్స్ వేసి మళ్ళీ నిలబెట్టాం. కార్బన్ మోనాక్సైడ్ అలారం 2019 ఏప్రిల్ నుంచి సేఫ్టీ సర్టిఫికెట్‌కి తప్పనిసరి. గ్యాస్ ఒక్కటి మేం ముట్టుకోలేదు, బోట్ల ఎల్‌పీజీ చేసే గ్యాస్ సేఫ్ (బ్రిటన్ గ్యాస్ పనివాళ్ళ రిజిస్టరు) మనిషే చేశాడు, ప్రొపేన్ గాలి కన్నా బరువు, లీకైతే కిటికీలోంచి పోదు, నేల కిందకి దిగి అక్కడే కూర్చుంటుంది. ఇంజిన్‌కి పెద్దగా ఏం చెయ్యలేదు, మౌంట్లు, హోస్‌లు, స్టెర్న్ గ్లాండ్ ప్యాకింగ్, అంతే, ఈ పాత బీఎంసీలు ఆయిల్ కారుస్తూనే పరిగెడతాయి. టాయిలెట్‌కి మంచం కింద ఉన్న పంప్ అవుట్ ట్యాంకు (పంపుతో తోడించాల్సినది) తీసేసి క్యాసెట్, అంటే చేత్తో తీసుకెళ్ళే చిన్న ట్యాంకు, పెట్టాం, దాన్ని మోసుకెళ్ళి ఖాళీ చేసే వంతు ఎవరిదన్న గొడవ ఇంట్లో ఇంకా తెగలేదు. కంపోస్ట్ టాయిలెట్ ఆలోచించాం కానీ 2021 ఆఖరు నుంచి ఆ చెత్త ట్రస్ట్ డబ్బాల్లో వెయ్యనివ్వట్లేదు.

వరస వల్ల ఖర్చు తగ్గిందా అంటే మొదట్లో తగ్గినట్టు అనిపించదు, డ్రైడాక్, వెల్డింగ్, కిటికీలు, వైర్లు, డబ్బంతా కనిపించని చోటే పోయింది, మా అత్తగారు వీడియో కాల్‌లో చూసి "ఇన్నాళ్ళూ ఏం చేశారు బాబూ, అంతా అలాగే ఉంది కదా" అన్నారు. కానీ చేసిన పలక దేన్నీ మళ్ళీ పాడుచేసి తియ్యాల్సిన అవసరం రాలేదు. ప్రతి గదీ ముగించాక మూత కింద టిష్యూ మార్చి ఒక గట్టి వాన చూసి, పొడిగా ఉంటేనే తర్వాతి గది పలక విప్పాం.

ఇప్పటికి వెనక గది, బాత్రూమ్, వంటిల్లు, పొయ్యి ఉన్న హాలు అయ్యాయి. మిగిలింది ముందు భాగం, అక్కడి మంచినీళ్ళ ట్యాంకు. అది విడి ట్యాంకు కాదు, హల్ స్టీలే దాని గోడలు, లోపల పాత బిట్యుమెన్ రేకులు రేకులుగా లేస్తోంది, కుళాయి ఫిల్టరులో నల్ల నలుసులు పడుతున్నాయి. నీళ్ళు మొత్తం తోడి, మూత ఊడదీసి, లోపలికి దూరి గీకి, తాగునీటికి పనికొచ్చే కోటింగ్ వెయ్యాలి, ఆ ఆవిర్లకి గాలి బాగా ఆడాలి, ఆరడానికి వేడి కావాలి, కాబట్టి జూన్ దాకా ముట్టుకోము. ఈలోపు తాగడానికి క్యాన్లలో నీళ్ళు తెచ్చుకుంటున్నాం, కుళాయి నీళ్ళు స్నానానికీ గిన్నెలకీ.